శాఖా గ్రంథాలయంలో ఏం చదవాలి, ఏం జరపాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో జిల్లా గ్రంథాలయ సంస్థల కింద నడిచే శాఖా గ్రంథాలయాల గురించిన ప్రశ్నలివి. మేం ఉద్యోగులం కాదు, పాఠకులం. మా ఊరి శాఖలో కొందరం కలిసి నెలకోసారి పుస్తకాల కబుర్లు, సెలవుల్లో పిల్లలకు కథలు నడుపుతుంటాం. అక్కడికొచ్చేవాళ్ళు పదే పదే అడిగేవన్నీ ఒకచోట చేర్చాం. పుస్తకాల విషయంలో మా ఇష్టాయిష్టాలు దాచుకోలేదు. మీకు నచ్చకపోతే వాదించండి, కబుర్లకు అదే పెట్టుబడి.

మా ఊరి గ్రంథాలయంలో పేపర్లు, పోటీ పరీక్షల పుస్తకాలు తప్ప ఏమీ ఉండవు. అక్కడ కథల పుస్తకాలు అడగడం దండగ కాదా?

ఉంటాయి. కనబడవు, అంతే. హాల్లో బల్లల మీద పేపర్లు, ముందు అరల్లో గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షల పుస్తకాలు ఉంటాయి. కథలు, నవలలు వెనక గదిలో, తాళం వేసిన ఇనప బీరువాల్లో ఉంటాయి. తాళం ఎందుకంటే, స్టాక్ వెరిఫికేషన్‌లో లెక్క తగ్గిన ప్రతి పుస్తకానికీ లైబ్రేరియన్ జవాబు చెప్పుకోవాలి. పైగా చాలా శాఖల్లో ఉండేది ఒక్క మనిషి. తలుపు తీసేదీ, పేపర్లు సర్దేదీ, రిజిస్టర్ రాసేదీ ఆ ఒక్కరే. కొత్త ముఖం వచ్చి బీరువా తీయమంటే ఆ మనిషికి టెన్షన్.

కాబట్టి మొదటిరోజే తాళాలు అడక్కండి. నాలుగు రోజులు వెళ్ళి కూర్చోండి. ఫలానా రచయిత పుస్తకాలేమైనా ఉన్నాయా అని పేరు పెట్టి అడగండి. పేరు పెట్టి అడిగేవాళ్ళు తక్కువ కాబట్టి మీరు గుర్తుండిపోతారు. తీసుకున్న పుస్తకం గడువులోపల తిరిగిచ్చారంటే మూడో పుస్తకం నాటికి, మీరే వెళ్ళి చూసుకోండి అని తాళంచెవులు మీ చేతికిస్తారు. మాకు తెలిసిన చాలామంది పాఠకుల అనుభవం ఇదే.

బీరువాలో వెతికేటప్పుడు ఒక ఇబ్బంది ఉంటుంది. పాత పుస్తకాలన్నిటికీ ఒకే రకం కాలికో (ముతక గుడ్డ) బైండింగ్ వేయించి ఉంటారు. అట్ట మీద బొమ్మా ఉండదు, ఒక్కోసారి పేరూ ఉండదు. విప్పి చూడాల్సిందే. వెన్ను మీద అంకెలు రాసి ఉంటే మాత్రం పని సులువు. పుస్తకాలను విషయాల వారీగా అంకెలతో విడదీసే డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యం సంఖ్య 894.827. దాని పక్కన 1 ఉంటే కవిత్వం, 2 ఉంటే నాటకం, 3 ఉంటే కథలూ నవలలూ.

సభ్యత్వానికి ఏం కావాలి? ఎప్పుడు వెళ్ళాలి?

దరఖాస్తు ఫారం, ఫొటో, ఆధార్ నకలు, కొంత ధరావతు (డిపాజిట్). ఎన్ని పుస్తకాలకు ఎంత అన్నది శాఖలోనే చెబుతారు. ధరావతు మీ డబ్బే. సభ్యత్వం వద్దనుకున్నప్పుడు తిరిగి ఇస్తారు, రసీదు మాత్రం పారేసుకోవద్దు. అక్కడే కూర్చుని చదవడానికి సభ్యత్వం అక్కర్లేదు.

శాఖలు ఎక్కువగా రెండు పూటలా తెరుస్తారు: ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి. శుక్రవారం సెలవు. ఆదివారం వెళ్తే మూసి ఉంటుందనుకుని మానేసేవాళ్ళు బోలెడుమంది. నిజానికి ఆదివారం తెరిచే ఉంటుంది. జిల్లా కేంద్రాల్లో ఎక్కువసేపు ఉంటుంది. మీ ఊరి వేళలు గుమ్మం పక్క బోర్డు మీద చూసుకోండి.

చదవడం మానేసి ఇరవయ్యేళ్ళయింది. ఫోన్ పక్కన పెట్టి కుదురుగా చదవగలనన్న నమ్మకం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పెద్ద నవలతో మాత్రం కాదు. అందరూ గొప్పదన్నారని అయిదొందల పేజీల పుస్తకం తీసుకెళ్ళి, అరవయ్యో పేజీ దగ్గర ఆగిపోయి, సిగ్గుతో గ్రంథాలయానికే రావడం మానేసినవాళ్ళు ఉన్నారు.

శంకరమంచి సత్యం అమరావతి కథలు తీసుకోండి. వంద కథలు, ఒక్కోటి రెండు మూడు పేజీలు. బాపు బొమ్మలు. కృష్ణ ఒడ్డున గుడి, దాని చుట్టూ మనుషులు. రోజుకొకటి చదివినా మూడు నెలలకు పైగా వస్తుంది. దీనికి 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది కాబట్టి చాలా శాఖల్లో ఒక ప్రతైనా ఉంటుంది.

నవలే కావాలంటే కేశవరెడ్డి రాసిన అతడు అడవిని జయించాడు. సన్నటి పుస్తకం. పందుల్ని మేపుకునే ఒక ముసలివాడు తప్పిపోయిన సుక్కపందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. ఒక్క రాత్రి కథ. మొదలుపెడితే ఆ రాత్రి మీకూ నిద్ర ఉండదు. మా కబుర్లలో ఎక్కువమంది చివరిదాకా చదివి వచ్చిన పుస్తకం ఇదే. చదవకుండా వచ్చినవాళ్ళు కూడా విన్నాక వెళ్ళి తెచ్చుకున్నారు.

హాయిగా నవ్వుకునే పుస్తకం చెప్పండి.

బారిస్టర్ పార్వతీశం. మొక్కపాటి నరసింహశాస్త్రి రాసిన ఈ నవల మొదటి భాగం 1924 నాటిది. మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదువుకి ఇంగ్లండు బయల్దేరతాడు. మూడు భాగాలున్నాయి గానీ మొదటి భాగం సాటి మిగతావాటికి లేదని మా అభిప్రాయం. ఆ తర్వాత మునిమాణిక్యం కాంతం కథలు, ముళ్ళపూడి బుడుగు. బుడుగు పిల్లల పుస్తకమని పిల్లల బీరువాలో పెట్టేస్తుంటారు. అక్కడ వెతకండి. పిల్లాడి గొంతుతో పెద్దవాళ్ళ మీద వేసిన చురకలవి, సగం పెద్దయ్యాకే అర్థమవుతాయి.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. మొదట్నించీ ఇంగ్లీషు మీడియం. తెలుగు చదవగలదు గానీ నెమ్మది. ఏది ఇవ్వాలి?

సోమరాజు సుశీల ఇల్లేరమ్మ కథలు. ఒక అల్లరి పిల్ల తన ఇంటి సంగతులు తనే చెబుతుంది. వాక్యాలు మనం ఇంట్లో మాట్లాడుకున్నట్టే ఉంటాయి, నిఘంటువుతో పని లేదు. మొదటి కథ మీరు పైకి చదివి వినిపించండి, రెండోది తనే చదువుకుంటుంది.

అది అయ్యాక కాస్త ఆలోచింపజేసేది కావాలంటే ఓల్గా విముక్త. సీత అడవిలో, తర్వాత కూడా, అహల్య, శూర్పణఖ, రేణుక, ఊర్మిళలతో మాట్లాడే కథలు. చిన్న పుస్తకం. 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఇంకో మెట్టు ఎక్కాక డాక్టర్ పి. శ్రీదేవి కాలాతీత వ్యక్తులు. 1950ల నాటి విశాఖలో చదువుకుంటున్న కుర్రకారు కథ. అందులో ఇందిర అనే అమ్మాయి మంచిదా చెడ్డదా అని మా దగ్గర అమ్మలకీ కూతుళ్ళకీ గంటసేపు వాదన నడిచింది.

శతకాలతోనో ప్రబంధాలతోనో తెలుగు నేర్పించాలని పట్టుబట్టకండి. ఇష్టం పుట్టాక వాళ్ళే అక్కడికి వస్తారు, రాకపోయినా కొంప మునగదు.

చిన్నపిల్లలకు?

పాత చందమామ బైండ్లు ఉన్నాయేమో ముందు అడగండి. 1947 జులైలో మొదలైన పత్రిక అది. కొన్ని శాఖల్లో ఏళ్ళ తరబడి సంచికలు కుట్టించి దాచారు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు, చిత్రా, శంకర్ బొమ్మలు. ఇప్పటి పిల్లలకు అక్షరాలు చిన్నవిగా అనిపిస్తాయి, కాబట్టి మీరు చదవండి, వాళ్ళు బొమ్మలు చూస్తారు. నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు కూడా చాలా చోట్ల ఉంటాయి. మంచి పుస్తకం ప్రచురణల్లో తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కనే ఉన్నవి దొరికితే రెండు బడుల పిల్లలకూ పనికొస్తాయి.

అన్నట్టు, పిల్లల్ని పుస్తకం పూర్తి చేశావా అని అడక్కండి. హోంవర్క్ వాసన వచ్చిందంటే మళ్ళీ ముట్టుకోరు.

మా ప్రాంతం మాటల్లో రాసినవి కావాలి. సినిమా తెలుగు, పత్రిక తెలుగు చదివి విసుగొచ్చింది.

ఈ ప్రశ్న వింటే మాకు సంతోషం. చిత్తూరు వైపైతే నామిని సుబ్రహ్మణ్యం నాయుడు. పచ్చనాకు సాక్షిగా, మిట్టూరోడి కథలు మొదట్లో బయటి ప్రాంతాలవాళ్ళకు తడబాటుగా ఉంటాయి. నాలుగు పేజీలు పైకి చదివితే చెవికి పట్టుకుంటాయి. గోదావరి వైపు వంశీ మా పసలపూడి కథలు. తిండి గురించి అంత వివరంగా రాసినవి తక్కువ, ఆకలి మీద చదవకండి. ఉత్తరాంధ్రకు కాళీపట్నం రామారావు యజ్ఞం. అది నెమ్మదిగా చదవాల్సిన కథ. మేమైతే రెండు నెలలు దాని మీదే మాట్లాడుకున్నాం, చివరికొచ్చేసరికి ఎవరూ ఒక మాట మీద లేరు.

తెలంగాణకు వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజల మనిషి, దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్ళు. రెండూ నిజాం నాటి పల్లె, దొర, వెట్టి. ఆళ్వారుస్వామిది గ్రంథాలయానికి చుట్టరికం ఉన్న పేరు. ఆయన గ్రంథాలయోద్యమంలో పనిచేశారు, దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చువేయించారు. హైదరాబాదు సంస్థానంలో తెలుగు పుస్తకం పట్టుకోవడమే ఒక రాజకీయం అయిన రోజులవి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం పుట్టిన నేపథ్యం తెలిస్తే ఆ నవలలు ఇంకోలా చదువుతారు.

మా నాన్నగారికి ఎనభై దాటాయి. చదవాలని ఉంది, కళ్ళు సహకరించవు.

పెద్ద అక్షరాల తెలుగు పుస్తకాలు పెద్దవాళ్ళ కోసమని విడిగా రావడం తక్కువ. కాబట్టి చదివి వినిపించే మనిషిని చూడటమే మంచి దారి. శాఖకు వచ్చే కాలేజీ పిల్లల్లో ఒకరిని వారానికి ఒక గంట రమ్మంటే వస్తారు. పెద్దాయన చెప్పే పాత కబుర్లు వాళ్ళకు జీతం. చూపు బాగా తగ్గినవారికి, అసలు లేనివారికి సుగమ్య పుస్తకాలయ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం 2016 నుంచి ఉంది. అచ్చు పుస్తకం చదవలేనివాళ్ళ కోసమే పెట్టారు. నమోదు చేయించుకోవాలి, మనవడో మనవరాలో పక్కన కూర్చుంటే కష్టమేం కాదు.

నాకు కావలసిన పుస్తకం మా శాఖలో లేదు. తెప్పిస్తారా?

శాఖ లైబ్రేరియన్ తనంత తాను షాపుకెళ్ళి కొనలేరు. కొనుగోళ్ళు జిల్లా సంస్థ స్థాయిలో జరుగుతాయి. కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ సాయంతో కొన్ని వస్తాయి. అందుకని లైబ్రేరియన్ మీద చిరాకుపడి లాభం లేదు. సూచనల రిజిస్టర్ అడిగి రాయండి. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ సంస్థ, ధర నాలుగూ ఉండాలి. మంచి పుస్తకాలు తెప్పించండి అని రాస్తే అది ఎక్కడికీ వెళ్ళదు. పదిమంది పాఠకుల సంతకాలతో జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి ఒక ఉత్తరం పెడితే ఇంకా బలం. ఉత్తరం నకలు మీ దగ్గర ఉంచుకోండి.

ఈలోగా జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఉందేమో కనుక్కోండి. పాత పుస్తకమైతే స్కాన్ ప్రతి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికే అవకాశం ఎక్కువ.

ఉచితంగా ఇచ్చేదానికి ఇంత దబాయింపు ఎందుకు?

ఉచితం కాదు. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద దాన్ని పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. తెలంగాణలోనూ అదే చట్టం కొనసాగింది. మూడు వేల పన్ను కట్టే ఇల్లు ఏటా రెండొందల నలభై రూపాయలు గ్రంథాలయానికి కడుతున్నట్టే. స్థానిక సంస్థలు ఈ సొమ్మును ఏళ్ళ తరబడి బకాయి పెట్టడం రెండు రాష్ట్రాల్లోనూ పాత జబ్బు. కొత్త పుస్తకాలు రాకపోవడానికి సగం కారణం అక్కడుంది. వార్డు సభ్యుడో సర్పంచో ఓటడగడానికి వచ్చినప్పుడు సెస్సు జమ అయిందా అని అడగండి. ఆ ప్రశ్న వాళ్ళు ఊహించి ఉండరు.

గ్రంథాలయంలో అధికారికంగా ఏ కార్యక్రమాలు జరుగుతాయి?

అన్నిటికన్నా పెద్దవి నవంబర్ 14 నుంచి 20 దాకా జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. బాలల దినోత్సవం రోజు పుస్తక ప్రదర్శనతో మొదలుపెడతారు, తర్వాత వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, ముగ్గులు, చివరి రోజు బహుమతులు. ఆగస్టు 12న గ్రంథాలయశాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ జయంతి. వేసవి సెలవుల్లో చాలాచోట్ల పిల్లల శిబిరాలు పెడతారు, కథలు, బొమ్మలు, చదరంగం, స్పోకెన్ ఇంగ్లీషు.

నిజం చెప్పాలంటే, వారోత్సవాల్లో శాలువాలకూ ఉపన్యాసాలకూ పోయే సమయం పుస్తకాలకు పోదు. ముగ్గుల పోటీ బాగానే ఉంటుంది గానీ దానికి గ్రంథాలయమే అక్కర్లేదు. మీరు ముందుగా వెళ్ళి, ఒక గంట మాకివ్వండి, పిల్లలకు కథలు చదివి వినిపిస్తాం అంటే లైబ్రేరియన్లు కాదనరు. ఏడు రోజులూ ఏదో ఒకటి జరిపించాల్సిన బరువు వాళ్ళ మీదే ఉంటుంది మరి.

నెలనెలా పుస్తకం గురించి మాట్లాడుకునే గుంపు మొదలుపెట్టాలనుంది. ఎలా?

ముందు లైబ్రేరియన్‌తో నోటిమాటగా మాట్లాడి, తర్వాత ఒక పేజీ దరఖాస్తు ఇవ్వండి. రోజు, వేళ, ఎంతమంది, ఎవరిది బాధ్యత, ఇవి చాలు. రాజకీయ సభ కాదు, అమ్మకాలు ఉండవు అని ఒక ముక్క రాస్తే పైవాళ్ళను అడగడం వాళ్ళకు సులువవుతుంది.

రోజు ఎంచుకోవడం అసలైన చిక్కు. ఆదివారం సాయంత్రం అందరికీ వీలే గానీ అప్పుడే పరీక్షల పిల్లలు కిక్కిరిసి ఉంటారు. మేం ఆదివారం పొద్దున మూసేవేళకు గంట ముందు పెట్టుకున్నాం, అదీ వరండాలో. పదకొండుకు తాళం వేస్తారు కాబట్టి ఎవరి ప్రసంగమూ సాగదు. ఇది మేం తీసుకున్న నిర్ణయాల్లోకెల్లా మంచిది.

పుస్తకం ఒక్కటే ప్రతి ఉంటుంది, పదిమంది చదవాలి, ఇదీ ఇంకో చిక్కు. మూడు దార్లున్నాయి. నవల బదులు ఒక కథ ఎంచుకుంటే జిరాక్స్ తీయించుకోవచ్చు. ఒకే పుస్తకం బదులు ఒకే రచయితను పెట్టుకుంటే దొరికింది దొరికినట్టు ఎవరికి వారు చదువుకొస్తారు. లేదంటే అక్కడికక్కడ ఒకరు కథ చదవాలి, మిగతావాళ్ళు వినాలి. మాకు మూడోదే బాగా కుదిరింది. చదువు రాని ఇద్దరు పెద్దవాళ్ళు కూడా క్రమం తప్పకుండా వస్తున్నారు, కథలో మనుషుల గురించి వాళ్ళు చెప్పినట్టు మేం చెప్పలేం.

ముఖ్య అతిథి, దండలు, మైకు పెట్టకండి. రచయితను పిలిస్తే ఆయన మాట్లాడటానికి కాదు, పాఠకులు అడగడానికి పిలవండి. ఆ సంగతి ఆయనకు ముందే చెప్పండి. వాట్సాప్ గ్రూపు పెడితే పుస్తకం, రోజు, వేళ తప్ప ఇంకేమీ వద్దని మొదట్లోనే గట్టిగా అనుకోండి. గుడ్ మార్నింగ్ పూలబొమ్మల కింద పుస్తకం పేరు కూరుకుపోతుంది.

పరీక్షలకు చదువుకునేవాళ్ళు గొడవగా ఉందని కసురుకుంటున్నారు.

వాళ్ళ పక్షాన కూడా ఆలోచించండి. హైదరాబాదు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ కోసం నోటిఫికేషన్ల కాలంలో పొద్దున్నే బారులు తీరతారు. ఇంట్లో చదువుకునే గది లేని పిల్లలకు అదే గది. ఊళ్ళలోనూ అంతే. మన సరదా కోసం వాళ్ళ గంట పాడుచేయడం న్యాయం కాదు. వరండా, చెట్టు కింద, పక్కనున్న బడి, ఏదో ఒకటి చూసుకోండి. కథ వినడానికి హాలే కావాలని లేదు.

పైగా వాళ్ళలోంచే మనకు మనుషులు దొరుకుతారు. గ్రూప్స్‌కు తెలుగు సాహిత్యం, తెలంగాణ ఉద్యమ చరిత్ర చదివే పిల్లలకు ప్రజల మనిషి చేతిలో పెట్టండి. గైడులో ఒక్క వాక్యంగా ఉన్నది అక్కడ మనుషులుగా కనబడుతుంది. సిలబస్ నెపంతో మొదలుపెట్టి పుస్తకం వదలని కుర్రాళ్ళను చూశాం.

ఆడవాళ్ళు రావడానికి ఇబ్బంది పడుతున్నారు.

కారణాలు అడిగితే చెబుతారు: సాయంత్రం ఇంటి పని వేళ, పేపర్ల బల్ల చుట్టూ అంతా మగవాళ్ళే, మరుగుదొడ్డి ఉండదు, ఉన్నా తాళం. మొదటిదానికి పుస్తకాన్నే ఇంటికి పంపడం మందు. ఇంట్లో ఎవరి కార్డు మీదైనా తెప్పించుకోవచ్చు గానీ ఆవిడ పేరు మీదే కార్డు ఉంటే ఎంపిక కూడా ఆవిడదే అవుతుంది. మరుగుదొడ్డి సంగతి మాత్రం సర్దుకుపోవద్దు, కార్యదర్శికి రాసే ఉత్తరంలో మొదటి పేరా అదే ఉండాలి.

గ్రంథాలయం లేని పల్లెలో ఏం చేయగలం?

పుస్తక నిక్షిప్త కేంద్రం కోసం సంస్థను అడగొచ్చు. ఊళ్ళో ఒకరు బాధ్యత తీసుకుంటే కొన్ని పుస్తకాలు, పత్రికలు అక్కడ ఉంచే పద్ధతి అది. బాధ్యత తీసుకునే మనిషి గట్టివాడైతేనే నిలబడుతుంది.

దారి లేని చోటికి పుస్తకం తీసుకెళ్ళడం మనవాళ్ళకు కొత్తేం కాదు. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. కాలవ పొడుగునా ఊళ్ళ దగ్గర ఆగుతూ, చదివినవి తీసుకుని కొత్తవి ఇచ్చేవారు. ఇవాళ కాలవల్లో పడవలు లేవు గానీ రోజూ ఊరికి వెళ్ళే పాలబండి, బడి టీచర్ బైకు ఉన్నాయి. ముప్ఫై పుస్తకాలు ఒక సంచీలో పడతాయి.

ఇంట్లో పాత పుస్తకాలున్నాయి, ఇచ్చేద్దామనుకుంటున్నాం.

ముందు జాబితా రాసి చూపించండి, తర్వాత మూటలు తీసుకెళ్ళండి. పదేళ్ళ కిందటి ఎంసెట్ గైడ్లు, పెళ్ళిలో పంచిన స్తోత్రాలు, చెదలు పట్టిన వారపత్రికలు దానం చేసి పుణ్యం వచ్చిందనుకుంటారు. చెదలు పక్క బీరువాకూ పాకుతాయి. పాత సాహిత్య పత్రికలు, ఊరి చరిత్రలు, 1950కి ముందు అచ్చయిన ఏ పుస్తకమైనా ఉంటే శాఖకు కాదు, వాటిని భద్రంగా ఉంచే చోటికి ఇవ్వండి.

అలాంటి చోట్లు ఏవి? పాత పత్రికలు చూడాలంటే ఎక్కడికెళ్ళాలి?

వేటపాలెం సారస్వత నికేతనం. 1918లో మొదలైంది. దాని భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో ఆ చిన్న ఊరికి వస్తారు. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది. హైదరాబాదులో సుల్తాన్ బజార్‌లో పైన చెప్పిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, అంటే 1891లో పుట్టిన పాత ఆసఫియా.

కథలు మాత్రమే కావాలంటే శ్రీకాకుళంలో కథానిలయం. కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన పురస్కారాల డబ్బు పెట్టి 1997లో కట్టించారు. తెలుగు కథల కోసమే కట్టిన ఇల్లు. చాలా కథలు వెబ్‌సైట్‌లో కూడా చూడొచ్చు. ఎప్పుడో చదివిన కథ, రచయిత ఒక్కడే గుర్తున్నాడు అనేవాళ్ళకు అదే దిక్కు.

వెళ్ళే ముందు ఫోన్ చేసి అడగండి. పెళుసైన కాగితాల్ని జిరాక్స్ తీయనివ్వరు, తీయకూడదు కూడా. ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చా అని అనుమతి అడగండి.

మేం అమెరికాలో ఉంటాం. మాకు దారేది?

మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో తెలుగు అర లేకపోయినా, పుస్తకం కొనమని సూచించే ఫారం ఉంటుంది. తెలుగు కుటుంబాలు నలుగురు కలిసి పంపితే పట్టించుకుంటారు. ఎన్నిసార్లు తీసుకెళ్ళారన్న లెక్క చూసి అక్కడ అర ఉంచాలో తీసేయాలో నిర్ణయిస్తారు, కాబట్టి అడిగి తెప్పించుకున్నవి తీసుకెళ్ళి చదవడం మీ పని. తెలుగు కథల గంట నడుపుతామని స్వచ్ఛందంగా ముందుకెళ్ళినా సాధారణంగా గది ఇస్తారు.

పాత పుస్తకాలకు అంతర్ గ్రంథాలయ అరువు, అంటే ఒక లైబ్రరీ ఇంకో లైబ్రరీ నుంచి తెప్పించి ఇచ్చే పద్ధతి, వాడండి. 1960ల్లో పీఎల్ 480 అనే అమెరికా పథకం కింద, అక్కడి నుంచి వచ్చిన గోధుమలకు మన దేశం రూపాయల్లో కట్టిన సొమ్ముతో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఇక్కడ పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపింది. అందులో తెలుగువీ ఉన్నాయి. మన శాఖలో చెదలు తిన్న నవల షికాగో, మాడిసన్ విశ్వవిద్యాలయాల అరల్లో పదిలంగా ఉండొచ్చు. మీ ఊరి లైబ్రరీ కౌంటర్‌లో అడిగితే తెప్పించే ప్రయత్నం చేస్తారు. పిల్లలకైతే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితం, ప్రింటు తీసుకోవచ్చు.

తీసుకున్న పుస్తకం పోయింది. ఏం చేయాలి?

దాక్కోకండి. వెళ్ళి చెప్పండి. అదే పుస్తకం కొనిస్తే సరిపోతుంది, దొరక్కపోతే నిబంధన ప్రకారం ధర కట్టించుకుంటారు. 1970ల నాటి పుస్తకం మీద మూడు రూపాయలని అచ్చయి ఉంటుంది, అంతే కదా అనుకోవద్దు. హైదరాబాదులో కోఠి, ఆబిడ్స్ ఆదివారం సంతలోనో, విజయవాడ పుస్తక ప్రదర్శనలోనో పాత ప్రతి వెతికే ప్రయత్నం ఒకటి చేయండి. వర్షంలో తడిస్తే ఎండలో పెట్టకండి, అట్టలు వంకర్లు పోతాయి. పేజీల మధ్య పాత న్యూస్‌పేపర్ ముక్కలు పెట్టి ఫ్యాన్ కింద ఆరబెట్టి, ఆరాక బరువు పెట్టి, తిరిగిచ్చేటప్పుడు తడిసిన సంగతి చెప్పి ఇవ్వండి.